టర్కీ కోడి సరే, మన కోయవాళ్ళ సంగతేంటి?

అమెరికాలో నా మొదటి థాంక్స్‌గివింగ్ మన తెలుగువాళ్ళ ఇంట్లోనే గడిచింది. నవంబర్ నాలుగో గురువారం, సెలవు, భోజనం. దాంతోపాటు ఒక ఉపన్యాసం కూడా! 1621లో ప్లిమత్‌లో వాంపనోగ్ తెగవాళ్ళు వలసవచ్చినవాళ్ళతో కలిసి విందు చేశారనీ, తర్వాత వాళ్ళ భూములే పోయాయనీ. నిజమే. 1970 నుంచి అదే రోజున ప్లిమత్‌లో అక్కడి ఆదివాసులు సంతాపదినం పాటిస్తున్నారు కూడా.

మరి అదే 1970లో మన దగ్గర ఏం వచ్చిందో ఈ ఉపన్యాసకులకి గుర్తుందా? వన్ ఆఫ్ సెవెంటీ! షెడ్యూల్డ్ ఏరియాలో గిరిజనేతరులు భూమి కొనకూడదు, ఇంకో గిరిజనేతరుడి దగ్గరైనా సరే. మాది మణుగూరు, షెడ్యూల్డ్ ఏరియా. ఒకపక్క సింగరేణి ఓపెన్‌కాస్టులు, ఇంకోపక్క అశ్వాపురంలో భారజల కర్మాగారం. బొగ్గొచ్చింది, కరెంటొచ్చింది, క్వార్టర్లొచ్చాయి, వాటిల్లో పెరిగిన మాలాంటివాళ్ళం ఇంజనీర్లమయ్యాం. ఆ నేల మీద మనకంటే ముందునుంచీ ఉన్న కోయవాళ్ళ మాట మాత్రం ఏ విందులోనూ రాదు.

వచ్చేదల్లా ఒకటే: "ఆ దిక్కుమాలిన చట్టం వల్ల ప్లాటు రిజిస్ట్రేషన్ అవ్వట్లేదండీ, ఎప్పుడు తీసేస్తారో!" ఈలోపు బినామీ పేర్లు ఎలాగూ ఉన్నాయి.

వాంపనోగ్‌ల కోసం కన్నీళ్ళు ఫ్రీ, ఎందుకంటే మసాచుసెట్స్‌లో మన ప్లాటు లేదు. నిజంగా జాలుంటే ఆ చట్టాన్ని తిట్టడం మానండి. కోయవాళ్ళకి మిగిలిన కాస్త భూమికీ అదే కంచె.