బాపు గారి అక్షరం, తాత చేతిరాత

సింధనూరు వైపు మన క్యాంపుల్లో పెళ్లి శుభలేఖలు ఈ మధ్య ఎక్కువగా కన్నడలోనో ఇంగ్లీషులోనో వస్తున్నాయి. అడిగితే "తెలుగు ఎవరు చదువుతారండీ?" అంటారు. నాకు ఈ మాట నచ్చదు.

బాపు గారు, అసలు పేరు సత్తిరాజు లక్ష్మీనారాయణ, 1933లో నరసాపురంలో పుట్టారు. 1955లో మద్రాసులో లా పాసయ్యి కూడా బొమ్మల దారే పట్టారు. కార్టూన్లు, అడ్వర్టైజింగ్ కంపెనీలో ఉద్యోగం, పుస్తకాలకి ముఖచిత్రాలు, 1967లో 'సాక్షి' నుంచి సినిమాలు. 2013లో పద్మశ్రీ వచ్చింది, 2014లో పోయారు. బొమ్మల పక్కన ఆయన రాసుకున్న అక్షరాలే తర్వాత ఫాంట్ అయ్యాయి. ఒక మనిషి చేతిరాతతో ఇవాళ ఊరూరా శుభలేఖలు అచ్చవుతున్నాయి.

నేను చదివింది కన్నడ మీడియం. తలకట్టు, క, త, శ లాంటి కొన్ని అక్షరాల దగ్గరే తడబడ్డాను, మిగతావి దాదాపు ఒకటే. మన పిల్లలకీ అంతే, నేర్పితే తొందరగానే వస్తుంది.

కాబట్టి శుభలేఖలో కన్నడ పక్కన తెలుగు కూడా వేయించండి. ఇంట్లో పెద్దవాళ్ల ఉత్తరాలు, పద్దు పుస్తకాలు ఉంటే ఫొటో తీసి దాచండి. బాపు గారి రాతకి ఫాంట్ ఉంది. మా తాత రాతకి ఆ ఒక్క పుస్తకమే ఉంది.