పచ్చి కట్టె పొయ్యిలో పెట్టొద్దు

మన్యం గ్రామాల ప్రజలకు, పర్యాటకులకు బస నడిపేవారికి, పంచాయతీ పెద్దలకు విన్నపం



కార్తీకం దాటిందంటే మన పాడేరు, చింతపల్లి, అరకు కొండల్లో నిప్పు లేకుండా పొద్దు గడవదు. లంబసింగి సముద్ర మట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉంది. డిసెంబరు, జనవరి రాత్రుల్లో అక్కడ ఉష్ణోగ్రత ఒక అంకెకు పడిపోవడం మనకు కొత్త కాదు. కింద మైదానం వాళ్లకు చలిమంట సరదా కావచ్చు, మనకు మాత్రం అది లేనిదే గడవదు. పిల్లల స్నానానికి నీళ్లు కాగాలి, ముసలివాళ్లు చేతులు కాచుకోవాలి. అందుకని కట్టె కాల్చొద్దని చెప్పడానికి ఈ కరపత్రం వేయలేదు. ఎండిన కట్టే కాలుద్దాం, ఇంటి బయటే కాలుద్దాం, ఆ కట్టె ఎండడానికి ఊరూరా ఒక పాక వేసుకుందాం. మేం అడిగేది ఇంతే.

ఎండు కట్టె సంగతి ఎవరికి తెలియదు అంటారా? తెలుసు. అయినా పుష్యమాసంలో ఏ ఊళ్లోనైనా వాకిట్లో కాగు కింద మండే కట్టెను ఒకసారి వంగి చూడండి. ఒక కొస మండుతుంటే రెండో కొస నుంచి నురగ బుసబుసమంటూ కారుతుంటుంది. అది చెట్టులో ఉన్న నీరు. అప్పుడే కొట్టిన పచ్చి కట్టె బరువులో దాదాపు సగం నీరే ఉంటుంది. ఆ నీరు ఆవిరైపోయేదాకా కట్టె సరిగ్గా మండదు. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి పట్టే వేడితో 20 లీటర్ల చన్నీళ్లను 15 డిగ్రీల నుంచి 45 డిగ్రీల దాకా కాచుకోవచ్చు. అంటే ఒక మనిషికి నిండుగా స్నానం. పది కిలోల పచ్చి మోపులో ఐదు లీటర్ల నీరుందనుకుంటే, ఐదుగురి స్నానాల వేడి గాలిలో కలిసిపోయినట్టే. ఆ మోపును కొండ మీది నుంచి నెత్తిన పెట్టుకుని దిగింది ఎవరో, మగవాళ్లు ఒకసారి గుర్తు చేసుకోవాలి. అందులో సగం బరువు ఆవిడ ఊరికే మోసింది.

పోయేది వేడి ఒక్కటే అయితే ఇంత చెప్పనక్కర్లేదు. తడి కట్టె మంట చల్లగా ఉంటుంది. కట్టెలోంచి వచ్చే ఆవిర్లు పూర్తిగా కాలకుండా పొగై పోతాయి. ఆ పొగలోని సన్నని నలుసులు ముక్కులో ఆగవు, ఊపిరితిత్తుల లోపలిదాకా వెళ్తాయి. ఇళ్లలో ఇలా కట్టె, పిడక, బొగ్గు కాల్చడం వల్ల వచ్చే పొగతో 2020లో ప్రపంచమంతటా 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క కట్టింది. వాళ్లలో ఐదేళ్లలోపు పిల్లలే రెండు లక్షలకు పైగా ఉన్నారు. చలికాలం మన ఆసుపత్రి వరండాలో దగ్గుతో, ఎగశ్వాసతో కూర్చునే పసివాళ్లను చూసినవారికి ఈ అంకె పెద్దగా వివరించక్కర్లేదు.

గ్యాసు వచ్చింది కదా అని అడిగేవాళ్లున్నారు. 1999లో దీపం, 2016లో ఉజ్వల, 2024 నుంచి మన రాష్ట్రంలో ఏడాదికి మూడు ఉచిత సిలిండర్లు. అన్నీ మంచివే. అన్నం, కూర గ్యాసు మీద వండుకోవాల్సిందే. కానీ ఆరుగురున్న ఇంట్లో రోజూ స్నానాల నీళ్లు సిలిండరు మీద కాచేదెవరు? చలికాలం ఉన్నన్నాళ్లూ వాకిట్లో కట్టె మండుతూనే ఉంటుంది. మండేదేదో శుభ్రంగా మండాలి.

ఇక కట్టె ఎలా ఎండుతుందో చూద్దాం. మాఘ ఫాల్గుణాల్లో కట్టె సమకూర్చుకోవాలి, కార్తీకంలో కాదు. మనకు జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు, ఆ తర్వాత తుపాన్లు. ఎండ కాసే మూడు నాలుగు నెలలు వదిలేసి, చలి మొదలయ్యాక అడవికి పరుగెత్తితే దొరికేది పచ్చిదో, వానకు నానిందో. కట్టెను దుంగలుగా పడేయకండి, చీల్చి పేళ్లు చేయండి. బెరడు చుట్టూ ఉన్నంతకాలం నీరు బయటికి రావడానికి దారి తక్కువ. చీల్చితే లోపలి చేవ గాలికి తగులుతుంది. సన్నని పుల్లలు రెండు మూడు నెలల్లో ఎండుతాయి. మణికట్టు కన్నా లావున్నవి ఆరు నెలలు తీసుకుంటాయి. గట్టి జాతి చెట్టయితే ఏడాది. నేల మీద నేరుగా పేర్చొద్దు, కింద రెండు రాళ్ల వరసలో, రెండు వాసాలో వేసి వాటి మీద పేర్చండి. పైన కప్పు ఉండాలి, పక్కలు తెరిచి ఉండాలి. చాలామంది పాలిథిన్ పట్టా తెచ్చి నేలదాకా కప్పేస్తారు. దాంతో కట్టె నీరు లోపలే తిరుగుతూ బూజు పడుతుంది.

ఎండిందో లేదో తెలుసుకోవడానికి మిషన్లు అక్కర్లేదు. రెండు పేళ్లు ఒకదానితో ఒకటి కొడితే ఖంగుమని మోగాలి. దబ్బుమంటే ఇంకా తడి ఉన్నట్టు. కొసల్లో బీటలు కనబడాలి, బెరడు గోటితో లాగితే ఊడిరావాలి.

బయట పెట్టే పొయ్యికి, నీళ్లు కాచే బాయిలర్‌కి చోటు చూసుకోవడం కూడా అంతే ముఖ్యం. ఇక్కడ మన కొండల స్వభావం తెలియాలి. చలిరాత్రి నేల త్వరగా చల్లబడి, దాన్ని అంటుకున్న గాలి బరువెక్కి కొండ మీది నుంచి పల్లానికి జారుతుంది. లోయలో చల్లగాలి కింద, దాని మీద వెచ్చగాలి మూతలా నిలుస్తాయి. వంజంగి కొండెక్కి చూసేవాళ్లు అబ్బురపడే మేఘాల సముద్రం ఆ మూత కింద చిక్కిన మంచే. మన పొగా అక్కడే చిక్కుకుంటుంది, ఎండ ఎక్కేదాకా పైకి పోలేదు. కాబట్టి బాయిలర్ ఇంటికి పల్లం వైపున ఉండాలి. ఎగువన పెడితే పొగంతా గాలితో పాటు నేరుగా గుమ్మంలోకి దిగుతుంది. ఆగ్నేయమా కాదా అన్నది తర్వాత చూసుకోవచ్చు, ముందు పల్లం ఎటుందో చూడండి. మన పల్లం ఇంకొకరి గుమ్మం కాకూడదన్నది కూడా గుర్తుంచుకోండి. రెండిళ్ల వాళ్లు కలిసి కూర్చుని ఒకే చోట ఒకే పొయ్యి పెట్టుకుంటే కట్టె కూడా కలిసొస్తుంది.

పొగగొట్టం చూరు కన్నా ఎత్తు ఉండాలి. చూరు కింద ఆగిన గొట్టం పొగను పెంకుల సందుల్లోంచి ఇంట్లోకే పంపుతుంది. గడ్డి కప్పు ఇళ్లకైతే నిప్పురవ్వల భయం ఉంది. పొయ్యి కనీసం పదిహేను అడుగుల దూరంలో ఉండాలి, గొట్టం నోటికి ఇనప జల్లెడ కట్టాలి.

బసలు నడిపేవాళ్లు, కాస్త ఉన్నవాళ్లు కట్టెల బాయిలర్లు కొంటున్నారు. నడిమి గొట్టంలో మంట, చుట్టూ నీళ్లు. మూడు రాళ్ల మీది కాగు కన్నా ఇది నయం. మంట చుట్టూ నీరే ఉంటుంది కాబట్టి వేడి పక్కలకు అంతగా పోదు. కానీ కొన్న రోజు చూపించిన శ్రద్ధ సంక్రాంతి దాటాక ఎవరూ చూపించరు. నీళ్లు నిండకుండా నిప్పు పెడితే అతుకులు ఊడి కారిపోతుంది. ఆవిరి పోయే రంధ్రాన్ని "వేడి పోతోంది" అని గుడ్డ కుక్కి మూసేవాళ్లు ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. ఆవిరికి దారి లేకపోతే బాయిలర్ పేలుతుంది. నడిమి గొట్టంలో మసి పేరుకుంటే గాలి లాగదు, మంట వెనక్కి పొగ కక్కుతుంది. పదిహేను రోజులకోసారి, చల్లారాక, పొడుగు కర్రకు గోనె ముక్క చుట్టి పైనుంచి కిందికి తోమితే చాలు. పచ్చి కట్టె కాల్చే ఇంట్లో గొట్టానికి మసితో పాటు తారులాంటి నల్లటి జిగురు కూడా అంటుకుంటుంది. ఒక్కోసారి ఆ జిగురుకే నిప్పంటుకుని గొట్టం ఎర్రగా కాలుతుంది. బోరు నీళ్లు వాడేచోట లోపల తెల్లటి పెచ్చు కడుతుంది. చింతపండు నీళ్లు నింపి ఒక రాత్రి ఉంచి, మర్నాడు కడిగేయండి.

బూడిద సంగతి. పైకి చల్లారినట్టు కనిపించినా లోపల కణికలు మర్నాటిదాకా బతికే ఉండొచ్చు. ఇనప బకెట్‌లో తీసి, మూత పెట్టి, చూరుకు దూరంగా ఉంచండి. తర్వాత పెరటి మడికో, పొలానికో వేసుకోండి. అందులో పొటాష్, సున్నం ఉంటాయి. యూరియాతో కలిపి మాత్రం చల్లకండి, నత్రజని అమ్మోనియాగా ఎగిరిపోతుంది.

బయటి బాయిలర్ ఒక్క మన ఊళ్ల సంగతే కాదు. అమెరికా ఉత్తర రాష్ట్రాల పల్లెల్లో ఇంటి బయట చిన్న కొట్టంత బాయిలర్ పెట్టి, కట్టెలతో నీళ్లు కాచి, భూమిలో వేసిన గొట్టాల్లో ఆ నీళ్లను ఇంట్లోకి పంపి గదులు వెచ్చబెట్టుకుంటారు. ఇంట్లో పొగ ఉండదు, నిప్పు భయం తక్కువ. అయితే పాత రకాల గొట్టాలు పొట్టివి. వేడి అక్కర్లేనప్పుడు గాలి మూసుకుపోయి కట్టె మంట లేకుండా కుములుతూ పొగ కక్కేది. పక్కిళ్ల వాళ్లు గొడవ పెట్టారు. చివరికి 2015లో అక్కడి కేంద్ర పర్యావరణ సంస్థ కొత్తగా తయారయ్యే బాయిలర్లకు పొగ పరిమితి విధించింది, 2020 మే నుంచి దాన్ని ఇంకా బిగించింది. అంత డబ్బు, అంత యంత్రం ఉన్నచోట కూడా కట్టె తడిగా ఉంటే, గొట్టం పొట్టిగా ఉంటే జరిగేది ఇదే.

వాళ్ల పద్ధతిలో మనకు పనికొచ్చేది ఒకటుంది. వేడిని నీళ్ల ద్వారా లోపలికి తెచ్చుకోవచ్చు. నిప్పును మాత్రం తేకూడదు. రాత్రి తలుపులు బిగించి గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకునే అలవాటు మన దగ్గర ఇంకా పోలేదు. బొగ్గుకు పొగ కనబడదు కాబట్టి భయం వేయదు. దాని నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. పడుకున్నవాళ్లు నిద్రలోనే పోతారు. దానికి బదులు బాయిలర్‌లో మిగిలిన వేడినీళ్లను సంతలో దొరికే రబ్బరు సంచిలో పోసి, మూత బిగించి, పాత గుడ్డ చుట్టి దుప్పట్లో పెట్టుకోండి. చాలాసేపు వెచ్చగా ఉంటుంది. పసిపిల్లలకైతే పక్క వెచ్చబడ్డాక సంచి తీసేసి అప్పుడు పడుకోబెట్టాలి.

పెద్దవాళ్లు చెప్పే అభ్యంతరం ఒకటుంది, తీసిపారేయదగ్గది కాదు. ఇంట్లో పొగ ఆడితేనే గడ్డి కప్పుకు పురుగు పట్టదు, పొయ్యి మీద వేలాడదీసిన మొక్కజొన్న విత్తనం పాడవదు అంటారు. నిజమే, మన తాతలు ఊరికే అలా కట్టలేదు. అయితే దానికి పగటిపూట, తలుపులు తీసి, పిల్లలు బయట ఉన్నప్పుడు కాసేపు పొగ పెడితే సరిపోతుంది. రాత్రంతా పొగలో పడుకోనక్కర్లేదు. దోమలకైతే దోమతెర వాడాలి. మలేరియా ఉన్న మన ప్రాంతంలో పొగను నమ్ముకోవడం కన్నా అదే మేలు.

ఇక పర్యాటకుల కోసం మంటలు వేసే సోదరులకు ఒక మాట. డేరాల దగ్గర రాత్రి రెండింటి దాకా మండే మంటల్లో టైరు ముక్కలు, నీళ్ల సీసాలు, రంగులేసిన పాత చెక్కలు కనిపిస్తున్నాయి. రబ్బరు, ప్లాస్టిక్ పొగలో ఉండే విషాలు కట్టె పొగ విషాల్లాంటివి కావు. కొన్ని క్యాన్సర్ తెచ్చేవి. అతిథులు రెండు రోజులుండి దిగిపోతారు, ఆ లోయలో ఏడాదంతా ఊపిరి పీల్చేది మన పిల్లలు. డేరాకో మంట మానేసి అందరికీ కలిపి ఒక మంట వేయండి, రాత్రి పదికల్లా ఆర్పేయండి. కట్టె కాఫీ తోటల్లో కొట్టేసిన సిల్వర్ ఓక్ కొమ్మల నుంచి కొనండి, రైతుకు నాలుగు డబ్బులొస్తాయి. భోగినాడు టైర్లు వేసే కుర్రాళ్లకు కూడా ఇదే మాట.

చివరగా పంచాయతీ పెద్దలకు. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఫలసాయం మీద మనకు హక్కిచ్చింది. వెదురు, చితుకులు, మోడులు ఆ జాబితాలో ఉన్నాయి. నిలబడ్డ చెట్టు కొట్టనక్కర్లేదు. ఊరంతా మాఘంలో ఒక వారం కలిసి వెళ్లి రాలినదీ విరిగినదీ తెచ్చుకుంటే చలికాలానికి చాలావరకు సరిపోతుంది. లేనిదల్లా దాన్ని వానకు తడవకుండా దాచే చోటు. నాలుగు రాటలు, పైన రేకులు, పక్కలు ఖాళీ. గోడలు కూడా అక్కర్లేని ఈ పాక ఖర్చు ఊరికి భారం కాదు. ముందు ముసలివాళ్లు ఒంటరిగా ఉన్న ఇళ్లకు, అంగన్‌వాడీకి, ఆశ్రమ పాఠశాలకు దాంట్లోంచి కట్టె ఇవ్వాలి. పాఠశాలల మీద సోలార్ వాటర్ హీటర్లు పెట్టించమని కూడా అడగండి. మంచు విడిచాక మన దగ్గర ఎండకు లోటు లేదు.

వచ్చే గ్రామసభలో మీరే లేచి ఈ పాక మాట ఎత్తండి. తీర్మానం రాయించి సంతకాలు పెట్టించండి. జ్యేష్ఠం ముగిసేలోపు పైకప్పు పడాలి, వానలు మనకోసం ఆగవు.