నెత్తురు ఆగకపోతే ఓర్పు మందా?

"ఆడపిల్లన్నాక తప్పదు, ఓర్చుకో" అనే మాట వినకుండా పెరిగినవాళ్లం మనలో ఎందరం?

ఫిన్లాండ్‌కు చెందిన ఆలండ్ దీవుల్లో ఓ ఐదేళ్ల పాపకు తరచూ రక్తం కారేది. ఆమె కుటుంబాన్ని పరిశీలించి డాక్టర్ ఎరిక్ ఫాన్ విల్లెబ్రాండ్ 1926లో ఓ కొత్త జబ్బును వివరించారు. ఆ పిల్లే పదమూడో ఏట, నాలుగో నెలసరిలో నెత్తురు ఆగక కన్నుమూసింది. గాయం దగ్గర ప్లేట్‌లెట్లను అతికించే ఒక ప్రోటీన్ తక్కువ కావడమే ఈ జబ్బు. రక్తంలో ఆ ప్రోటీన్‌ను మాత్రమే వెతికి పట్టుకునే యాంటీబాడీతో దీన్ని హీమోఫిలియా నుంచి వేరుచేయవచ్చని 1971లో అమెరికా పరిశోధకులు చూపారు. అంటే పరీక్ష యాభై ఏళ్ల నాటిదే!

ఇక మన సంగతి. 2023 జూలైలో మొదలైన జాతీయ కార్యక్రమం జైనూర్ లాంటి ఆదివాసీ ప్రాంతాల్లో నలభై ఏళ్ల లోపువారికి సికిల్ సెల్ పరీక్షలు చేయాలంది. మంచిదే. కానీ ఆ పరీక్షకు గడ్డకట్టే లోపం కనబడదు. ఊరికే ఐరన్ మాత్రలిచ్చి పంపితే చిల్లుకుండలో నీళ్లు పోసినట్టే కదా!

అందుకే అదే క్యూలో నిలబడ్డ పిల్లను మరో మూడు ప్రశ్నలు అడగాలి. నెలసరి వారం దాటుతోందా? గంటకో గుడ్డ తడుస్తోందా? ముక్కు నుంచి తరచూ రక్తం వస్తోందా? అవునంటే పెద్దాసుపత్రికి పంపి ఆ ప్రోటీన్ పరీక్ష చేయించాలి. జబ్బని తేలితే మందులున్నాయి.

అడగడానికి ఖర్చేముంది? ముందు అమ్మలుగా మనమే అడుగుదాం.