ఓట్లు కలిపి లెక్కపెట్టండి

కర్నూలు, కడప జిల్లాల్లో ఎన్నికల గొడవలంటే అందరి కళ్లూ పోలింగు రోజు మీదే. సమస్యాత్మక గ్రామాల జాబితాలు, బైండోవర్లు, లైసెన్సు తుపాకుల స్వాధీనం, కేంద్ర బలగాల కవాతు, అన్నీ ఆ ఒక్క రోజు చుట్టూనే తిరుగుతాయి. అవి అక్కర్లేదని కాదు. కానీ ఫ్యాక్షన్ పల్లెలో అసలు భయం మొదలయ్యేది ఓట్ల లెక్కింపు అయిపోయాక. ఓడిన పక్షం వాళ్ల చీనీ చెట్లు తెల్లారేసరికి మొదలుకంటా నరికేసి ఉంటాయి. డ్రిప్పు పైపులు ముక్కలవుతాయి, గడ్డివాములు తగలబడతాయి. బూతులో ఏజెంటుగా కూర్చున్న పాపానికి ఒకడు పెళ్లాంబిడ్డలతో ఊరు విడిచిపోతాడు. చీనీ మొక్క నాటితే కాపుకొచ్చేసరికి నాలుగైదేళ్లు పడుతుంది, అంటే దాదాపు మళ్లీ ఎన్నికలొచ్చేదాకా. నరికినవాడికి ఆ లెక్క బాగా తెలుసు.

మరి ఏ ఊరు ఎటు వేసిందో గెలిచినవాడికి ఎలా తెలుస్తోంది? మన లెక్కింపు పద్ధతే చెప్పేస్తోంది. ఒక్కో బూతు ఈవీఎంను విడివిడిగా టేబుల్ మీద పెట్టి, ఏ అభ్యర్థికి ఎన్ని పడ్డాయో ఏజెంట్ల ముందే రాస్తారు. తర్వాత అవే అంకెలు ఫారం 20గా బయటికొస్తాయి. వెయ్యి ఓట్ల పల్లెకు ఉండేది ఒకటే బూతు. ఏ ఇంట్లో ఎన్ని ఓట్లున్నాయో, అవి ఎటు పోతాయో వేళ్ల మీద చెప్పేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. ఎస్సీ కాలనీకో, ఒకే కులం వీధికో విడిగా బూతు ఉందంటే వాళ్లకు ఆ శ్రమ కూడా తప్పుతుంది. మనిషి ఓటు రహస్యమే, ఊరి ఓటు మాత్రం బహిరంగం. ఆ తర్వాత నీళ్ల ట్యాంకరు ఏ వీధికి రాదో, స్టేషన్లో ఎవరి ఫిర్యాదు తీసుకోరో ఆ అంకెలను బట్టే తేలిపోతుంది.

ఈ ముప్పు చట్టం ఎరగనిది కాదు. ఓటర్లను బెదిరిస్తారనో వేధిస్తారనో ఎన్నికల సంఘం భావించిన చోట బ్యాలెట్లను కలగలిపి లెక్కించాలని 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమాల్లో 59ఏ చెబుతోంది. కాగితం పోయి యంత్రం వచ్చేసరికి ఆ రక్షణ చేజారింది. దాన్ని తిరిగి తెచ్చే పరికరం టోటలైజర్. సుమారు 14 బూతుల యంత్రాలను ఒకేసారి కలిపి మొత్తం మాత్రమే చూపుతుంది. ఎన్నికల సంఘం 2008లోనే దాన్ని ప్రతిపాదించింది. లా కమిషన్ 2015లో తన 255వ నివేదికలో సిఫారసు చేసింది. కేంద్ర ప్రభుత్వం ఒప్పుకోలేదు.

బూతు వారీ లెక్క లేకపోతే రిగ్గింగు ఎలా పట్టుకుంటామని అడిగేవాళ్లున్నారు. తోసిపుచ్చదగిన ప్రశ్న కాదు. అయితే ఏ బూతులో మొత్తం ఎన్ని ఓట్లు పోలయ్యాయో ఫారం 17సీలో ఉంటుంది, దాని నకలు ఏజెంట్ల చేతికి వస్తుంది. ఉన్న ఓట్లన్నీ పోలైపోయిన బూతు అక్కడే పట్టుబడుతుంది. నియోజకవర్గానికి ఐదు బూతుల్లో వీవీప్యాట్ చీటీలు సరిచూడాలని 2019లో సుప్రీంకోర్టు పెట్టిన నియమమూ ఉండనే ఉంటుంది. అనుమానం వస్తే విడి అంకెలను కోర్టు ముందు తెరవొచ్చు, ఊరందరి ముందు పరచనక్కర్లేదు. ఎక్కడ వెనకబడ్డామో తెలిస్తే పార్టీలు అక్కడ పని చేస్తాయని ఇంకో వాదన ఉంది. మన జిల్లాల్లో ఆ అంకెలు చూసి ఎవరు ఏ పని చేశారో పల్లెల్లో అడగండి.

రెండో మార్పు పోలీసుల విషయంలో. ప్రజాప్రాతినిధ్య చట్టం 28ఏ ప్రకారం ఎన్నికల విధుల్లో ఉన్న పోలీసులు నోటిఫికేషన్ నుంచి ఫలితాల ప్రకటన దాకా ఎన్నికల సంఘం అదుపులో ఉంటారు. అంటే ముప్పు మొదలయ్యే రోజే ఆ అదుపు ముగుస్తుంది. 2024 మే 13 పోలింగు తర్వాత పల్నాడు, తాడిపత్రి, చంద్రగిరి రగిలినప్పుడు ఎన్నికల సంఘం పల్నాడు, అనంతపురం ఎస్పీలను సస్పెండ్ చేసింది, లెక్కింపు తర్వాత 15 రోజుల దాకా 25 కంపెనీల కేంద్ర బలగాలను రాష్ట్రంలోనే ఉంచమంది. అవసరం పడితే చేయగలరన్నమాట. పోలీసుల మీద ఎన్నికల సంఘం అదుపును ఫలితాల తర్వాత కనీసం మూడు నెలలు పొడిగించి చట్టంలో రాయాలి. ఆ మూడు నెలలూ ఫ్యాక్షన్ గ్రామాల స్టేషన్లలో ఎస్సై, సీఐల బదిలీలు ఎన్నికల సంఘం అనుమతి లేకుండా జరగకూడదు. ప్రజలెన్నుకున్న ప్రభుత్వం చేతులు కట్టేస్తారా అంటారు. స్టేషన్ బాధ్యుడికి కనీసం రెండేళ్ల పదవీకాలం ఉండాలని ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2006లోనే ఆదేశించింది. మనం అడుగుతున్నది అందులో ఒక ముక్క.

ఫ్యాక్షన్ ఇప్పుడు సినిమాల్లోనే ఉందని కొందరి మాట. హత్యలు తగ్గిన మాట నిజమే, సంతోషించాలి. కానీ 2017లో పత్తికొండ నియోజకవర్గ నాయకుడు చెరుకులపాడు నారాయణరెడ్డిని నడిరోడ్డు మీద చంపారు. 2025 ఆగస్టులో పులివెందుల జెడ్పీటీసీ ఉపఎన్నికకు రెండు బూతుల్లో రీపోలింగు పెట్టాల్సి వచ్చింది. ఇక సీమ రక్తమే అంత అనే మాటకు విలువ లేదు. కడప నుంచి కువైట్ పోయినవాడు, ఆదోని నుంచి బెంగళూరు పోయినవాడు అక్కడ ఏ ఎన్నికకూ కొడవలి పట్టడం లేదు. కప్పట్రాళ్ల హత్యల కేసులో 2014లో 21 మందికి యావజ్జీవ శిక్ష పడింది, ఆ తర్వాత జిల్లా ఎస్పీయే ఆ ఊరిని దత్తత తీసుకున్నాడు. రక్తం అదే, ఊరూ అదే, మారింది చట్టం పట్టే. నమ్మదగిన వ్యవస్థ ఉంటే ఏం మారుతుందో బయటి దేశంలోనూ చూడొచ్చు. కెన్యాలో 2007 డిసెంబరు ఎన్నికల తర్వాత తెగల మధ్య హింసలో 1,100 మందికి పైగా చనిపోయారు. కోర్టు మీద నమ్మకం లేదని అప్పట్లో ప్రతిపక్షం కోర్టు గడపే తొక్కలేదు. కొత్త రాజ్యాంగం, కొత్త సుప్రీంకోర్టు వచ్చాక 2013లో అదే ప్రతిపక్ష నాయకుడు మళ్లీ ఓడి, కోర్టుకెళ్లి, ప్రతికూల తీర్పునూ ఒప్పుకున్నాడు. 2017లో ఆ కోర్టు ఏకంగా అధ్యక్ష ఎన్నికనే రద్దు చేసింది. హింస పూర్తిగా పోలేదు, కానీ 2007 నాటి మారణకాండ తిరిగి రాలేదు.

పంచాయతీ వార్డు ఎన్నికల్లో టోటలైజర్ పనికిరాదు. రెండొందల ఓట్ల వార్డులో కలపడానికేముంది? అక్కడ దిక్కు పోలీసు మార్పే, కానీ ఆ ఎన్నికలు రాష్ట్ర ఎన్నికల సంఘం చేతిలోవి కాబట్టి దాన్ని విడిగా రాష్ట్రాన్ని అడగాలి. అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికలకు మాత్రం కేంద్ర న్యాయశాఖ నియమాలు సవరిస్తే చాలు. కర్నూలు, నంద్యాల, కడప, రాజంపేట ఎంపీలు నలుగురూ ఈ రెండు మార్పులనూ పార్లమెంటులో అడగాలి. ఈ కరపత్రం వెనకవైపు వారికి రాయాల్సిన అర్జీ అచ్చువేశాం. సంతకాలు చేయించి పంపండి. గ్రామసభలో తీర్మానం చేయించగలిగితే దాన్నీ జతచేయండి.