పూత మీద బేరం ఎవరి ముందుచూపు?

నూజివీడు, ఆగిరిపల్లి, విస్సన్నపేట వైపు చాలా మామిడి తోటలకు కాయ పడకముందే బేరం కుదిరిపోతుంది. పూత చూసి వ్యాపారి ధర కడతాడు, రైతు బయానా పుచ్చుకుంటాడు. కొందరు రెండు మూడేళ్లకు కలిపి తోట అప్పగించేస్తారు. ఈదురుగాలికి కాయ రాలినా, నున్న మార్కెట్లో ధర పడిపోయినా ఆ దెబ్బ వ్యాపారికే కాబట్టి రైతు ముందుచూపుతో నడుచుకున్నాడంటాం. నష్టం తప్పించుకోవడం తెలివైన పనే, దాన్ని జాగ్రత్త అంటే సరిపోతుంది. ముందుచూపు అనాలంటే చూపు బేరం గడువు దాటాలి. మామిడి దశాబ్దాలపాటు కాసే చెట్టు, బేరం మాత్రం మహా అయితే రెండు మూడు కాపులది.

ఆ తేడా కోతలు ముగిశాక బయటపడుతుంది. తొలకరిలో ఎండుకొమ్మలూ లోపలి గుబురూ తీసేసి ఎరువు వేస్తేనే కొత్త చిగురు ముదిరి వచ్చే పూతకు సిద్ధమవుతుంది. అసలే బంగినపల్లికి ఏడాది విడిచి ఏడాది కాసే గుణం ఉంది. సరిగ్గా ఆ సమయానికి వ్యాపారి లెక్క చూసుకుని వెళ్లిపోతాడు, రైతు చేతికొచ్చిన సొమ్ము అప్పులకు పోయి ఉంటుంది. గడువు లోపలే వీలైనంత రాబట్టుకోవాలనుకునేవాడికి పూత తెప్పించే పాక్లోబ్యూట్రజాల్ మోతాదు మించినా పట్టదు. ఆ మందు మట్టిలో నిలిచిపోతుంది, దాని ఫలితం అనుభవించేది రైతే. తొలి ధర కోసం ముదరని కాయ కోసి కార్బైడ్ పెట్టడమూ ఈ తొందరలోంచి పుట్టిందే. 2011 ఆహార భద్రతా నిబంధనలు దాన్ని నిషేధించాయి. అయినా 2017లో భౌగోళిక గుర్తింపు సంపాదించిన బంగినపల్లి పేరు పచ్చికాయకు ఎక్కించిన పసుపు రంగుతో చెడుతూనే ఉంది.

పూతలో వందకు ఒక్కటి కూడా పండుదాకా నిలవని పంటను నమ్ముకుని చిన్న రైతు ఎలా ఆగుతాడని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. పెట్టుబడికి వ్యాపారి తప్ప దిక్కులేని చోట బేరమే మానమనడం గట్టున కూర్చుని చెప్పే నీతి. మార్చవలసినవి షరతులు. మందుల మోతాదు కాగితం మీదికి రావాలి, కొమ్మల కత్తిరింపు అయ్యేదాకా వ్యాపారి సొమ్ములో కొంత రైతు దగ్గర నిలవాలి. అలాగైతే వ్యాపారి ధర తగ్గిస్తాడంటారు. తగ్గిస్తాడు. ఆ లోటుకు ప్రభుత్వ సాయం తోడవాలి. మన వైపు కలెక్టర్ కాయ అనే తోతాపురి ధర 2025లో కూలిపోతే చిత్తూరు రైతులకు ప్రభుత్వం కిలోకు 4 రూపాయలు ఇచ్చింది, అదీ ధర కుప్పకూలాక. అలాంటి సొమ్ములో కొంత ముందే, తొలకరి ఖర్చుకు అందితే ఆ తగ్గింపును రైతు తట్టుకోగలడు.