ఇది ఆత్మరక్షణ కాదు, వేట

యవత్మాల్ ఆడపులి అవనిని ఆత్మరక్షణ కోసమే కాల్చామన్న మాటను హైదరాబాద్ వేటగాడు షఫత్ అలీ ఖాన్, ఆయన కుమారుడు అస్గర్ వదల్లేదు. జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ (ఎన్‌టీసీఏ) పంపిన నిపుణుల నివేదిక బయటికొచ్చాక కూడా అదే మాట. అప్పటి మహారాష్ట్ర అటవీ మంత్రి సుధీర్ ముంగంటివార్ మొదటి రోజు నుంచీ దాన్నే వెనకేసుకొచ్చారు. 2018 నవంబర్ 2 రాత్రి బోరాటి దగ్గర జరిగిన ఆ కాల్పుల మీద ఎన్ని వాదనలైనా చేసుకోవచ్చు. ఆత్మరక్షణ అన్న ఒక్క వాదన మాత్రం వైద్య పరీక్షకూ నిలవదు, చట్టానికీ నిలవదు. పులులున్న అడవిని ఆనుకుని బతుకుతున్న పల్నాడు ఈ మాటను విని ఊరుకోకూడదు.

అవతలి పక్షం చెప్పే మాటల్లో న్యాయమైనవి లేకపోలేదు. ఆ ప్రాంతంలో పులి దాడుల్లో 13 మంది ప్రాణాలు పోయాయి. పత్తి చేలోకి వెళ్లాలంటే జనం వణికారు. పట్టుకోవడం సాధ్యం కాకపోతే చంపవచ్చన్న ఉత్తర్వును హైకోర్టు సమర్థించింది, సుప్రీంకోర్టు అదే ఏడాది సెప్టెంబర్‌లో జోక్యానికి నిరాకరించింది. వీటిలో దేన్నీ ఈ పత్రిక కాదనడం లేదు. అయితే ఆ ఉత్తర్వులో ముందున్న షరతు, పులికి మత్తిచ్చి ప్రాణాలతో పట్టుకోవడానికి ప్రయత్నించాలన్నది. అది విఫలమైతేనే తుపాకీ. ఆ షరతును ఎందుకు గాలికొదిలారన్న ప్రశ్నకు జవాబు లేకనే ఆత్మరక్షణ అన్న మాట పుట్టుకొచ్చింది.

ముందుగా పులి ఒంటి మీద ఉన్న సాక్ష్యం చూడండి. మత్తు సూది తగలగానే పులి తమ ఓపెన్ జీపు మీదికి దూకిందని, గత్యంతరం లేక కాల్చామని తండ్రీకొడుకుల కథనం. ఎదురుగా దూకే పులికి తూటా తగిలేది తలకో, ఎదురు రొమ్ముకో. అవనికి తగిలిన తూటా పక్క నుంచి దిగింది. కాల్చిన సమయంలో ఆడపులి ముఖం జీపు వైపు లేదని నిపుణులు తేల్చారు. చీకట్లో ఒక్క క్షణంలో అటు తిరిగి ఉండొచ్చు కదా అని కొందరు సర్దిచెబుతున్నారు. అటు తిరిగిన పులి మీదికి రావడం లేదు, వెళ్లిపోతోంది. వెళ్లిపోతున్న జంతువు నుంచి ఎవరి ప్రాణాలకు రక్షణ కావలసి వచ్చిందో వారే చెప్పాలి.

ఇక మత్తు సూది సంగతి. తుపాకీ నుంచి వేగంగా వచ్చి తగిలిన సూది చర్మం కింద కండను చీల్చి రక్తం చిమ్మిస్తుంది. అవని తొడ మీద దొరికిన సూది కింద అలాంటి ఆనవాళ్లు లేవు. దాన్ని చేత్తో గుచ్చి ఉంటారన్న అనుమానం నివేదికలోనే ఉంది. అందులోని మందు కలిపి 56 గంటలైంది, 24 గంటల్లోపు వాడాల్సిన మందు అది. జట్టులో వెటర్నరీ డాక్టర్ లేడు. సూది నిజంగానే వేశారనుకున్నా, మందు పనిచేయడానికి కొన్ని నిమిషాలు పడుతుందని ఈ పనిలో ఉన్న ప్రతివాడికీ తెలుసు. సూది తగిలిన పులి చిరాకుపడుతుందనీ, ఒక్కోసారి మీదికొస్తుందనీ తెలుసు. అందుకే మూసి ఉన్న వాహనం కావాలి, పగటి వెలుతురు కావాలి, దూరం కావాలి, ఓపిక కావాలి. రాత్రి పదకొండు గంటల వేళ, డాక్టర్ లేకుండా, ఓపెన్ జీపులో వెళ్లినవాళ్ల దగ్గర సిద్ధంగా ఉన్నది ఒక్క తూటాయే. ఇలా వెళ్లినవాళ్లు పులిని ప్రాణాలతో తేవాలని వెళ్లారంటే ఎలా నమ్మాలి?

చట్టం ఇంకా స్పష్టంగా ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 11వ సెక్షన్ రెండో ఉపసెక్షన్ ప్రకారం, తన ప్రాణాన్నో పక్కవాడి ప్రాణాన్నో కాపాడుకోవడానికి సదుద్దేశంతో అడవి జంతువును చంపడం నేరం కాదు. ఆత్మరక్షణ వాదులు ఇక్కడితో చదవడం ఆపేస్తున్నారు. దాని వెంటనే ఒక మినహాయింపు ఉంది. ఆ ప్రాణాపాయం ఎదురైన సమయంలో ఆ మనిషి ఇదే చట్టాన్నో, దాని కింద వెలువడిన ఉత్తర్వునో ఉల్లంఘిస్తూ ఉంటే ఈ రక్షణ వర్తించదు. ఆ రాత్రి పులిని కాల్చే అనుమతి ఉన్నది తండ్రికి. ఆయన అక్కడ లేడు. తూటా పేల్చింది అనుమతి లేని కొడుకు. ఆయుధాల చట్టాన్నీ ఉల్లంఘించారని ఎన్‌టీసీఏ బృందం రాసింది. మత్తు ప్రయత్నం సవ్యంగా జరగనేలేదని కూడా అదే నివేదిక చెప్పింది. అంటే ఉత్తర్వు షరతును తుంగలో తొక్కి, అనుమతి లేని చేతికి తుపాకీ ఇచ్చి, ప్రమాదంలోకి తామే నడిచి వెళ్లారు. పులి నిజంగానే మీదికి దూకిందని ఒప్పుకున్నా సరే, చట్టం వాళ్లను కాపాడకూడదు.

పల్నాటివారికి ఈ సూత్రం కొత్త కాదు. ముఠా తగాదాల కేసుల్లో ఆత్మరక్షణ వాదన గురజాల, నరసరావుపేట కోర్టులకు బాగా పరిచయం. ఆయుధాలు పట్టుకుని ఎదుటివాడి ఇంటి మీదికి వెళ్లి, వాడు తిరగబడితే నరికి, ప్రాణభయంతో చేశానంటే ఏ న్యాయమూర్తీ ఒప్పుకోడు. దాడికి వెళ్లినవాడికి ఆ హక్కు లేదు. మనిషి విషయంలో వందేళ్లకు పైగా పాటిస్తున్న న్యాయాన్ని, నోరులేని జంతువు దగ్గరకొచ్చేసరికి ఎందుకు పక్కన పెట్టాలి? కారెంపూడి వీరుల గుడి దగ్గర మనం ఏటా మొక్కేది ఎదురొడ్డి నిలిచినవాళ్లకు. ముఖం తిప్పుకున్న జంతువు మీద రాత్రిపూట తూటా పేల్చడంలో వీరం ఎక్కడుందో ఆ నేల బిడ్డలకు వేరే చెప్పక్కర్లేదు.

ఇలాంటి సాకులు మన దేశానికే పరిమితం కావు. ఆఫ్రికా పొదల్లోకి స్నేహితులతో కలిసి వేటకు వెళ్లే సంపన్నులు ఏళ్లుగా ఏదో ఒక పెద్ద మాటను అడ్డం పెట్టుకుంటూనే ఉన్నారు. 2015లో జింబాబ్వేలోని హ్వాంగే జాతీయ పార్కు అంచున ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు రేడియో కాలర్ తొడిగిన సెసిల్ అనే సింహాన్ని అమెరికా డెంటిస్టు వాల్టర్ పామర్ చంపినప్పుడు, అంతా చట్టబద్ధంగా ఉందని స్థానిక గైడ్ల మాట నమ్మానన్నాడు. ఆ వేటకు ఆయన దాదాపు 50 వేల డాలర్లు చెల్లించినట్లు వార్తలొచ్చాయి. రెండేళ్లకు సెసిల్ కొడుకు జాండా కూడా వేటగాళ్ల చేతిలోనే బలైంది. అక్కడ రుసుము కట్టి అడవిలోకి వెళతారు, ఇక్కడ ప్రభుత్వమే పిలిచి తుపాకీ చేతికిస్తుంది. రెండు చోట్లా జంతువు చచ్చాకే కారణాలు వెతుకుతారు. 2016లో బీహార్‌లోని మొకామాలో నీల్గాయిలను కాల్చడానికి వెళ్లిందీ ఇదే హైదరాబాద్ వేటగాళ్లు. అప్పుడు కేంద్ర మంత్రుల మధ్యే రగడ జరిగింది. వేటను చట్టంతోనే నిషేధించుకున్న దేశంలో వేటగాడికి ప్రభుత్వ కొలువు దొరుకుతుండడం ఈ వ్యవహారమంతటిలోకీ సిగ్గుపడాల్సిన విషయం.

ఇది మనకెందుకంటే, మాచర్ల, వెల్దుర్తి, దుర్గి, బొల్లాపల్లి మండలాల ఊళ్లు నల్లమలను ఆనుకునే ఉన్నాయి. 1978లో అభయారణ్యంగా, 1983లో ప్రాజెక్ట్ టైగర్ పరిధిలోకి వచ్చిన నాగార్జునసాగర్–శ్రీశైలం అడవి దేశంలోకెల్లా పెద్ద పులుల స్థావరాల్లో ఒకటి. 2014 గణనలో రెండు తెలుగు రాష్ట్రాలకూ కలిపి తేలిన పులులు 68. యవత్మాల్ జిల్లా అవతలి గట్టున మొదలయ్యేది తెలుగువారి ఆదిలాబాదే, తిప్పేశ్వర్ అభయారణ్యం పులులు ఆ గట్టు దాటి వస్తూనే ఉంటాయి. రేపు ఏ పులో ఊరి పొలిమేరకొచ్చి గొడ్డునో జీవాన్నో పట్టుకెళితే, ఆ రైతు కోపం న్యాయమైనదే. ఆ కోపాన్ని అడ్డం పెట్టుకుని, ఫోన్ చేస్తే తుపాకీతో వాలిపోయేవాళ్లను ఇక్కడికీ పిలిచే రోజు రాకూడదు. మనుషులను కాపాడే బాధ్యత అటవీ శాఖది. దాన్ని ప్రైవేటు వేటగాళ్లకు అప్పజెప్పే శాఖ తన చేతగానితనాన్ని తానే ఒప్పుకున్నట్టు.

కావలసిన మనుషులు మన దగ్గరే ఉన్నారు. నల్లమల బేస్ క్యాంపుల్లో ప్రొటెక్షన్ వాచర్లుగా తిరుగుతున్న చెంచులకు పులి అడుగు, పులి దారి, పులి అలవాటు పుట్టుకతో తెలుసు. పులిని వెతికి పట్టుకునే ఏ జట్టుకైనా ముందు నడవాల్సింది వాళ్లు. వాళ్ల పక్కన వన్యప్రాణి వైద్యంలో శిక్షణ పొందిన డాక్టర్, మత్తు తుపాకీ చేతపట్టే నేర్పున్న శాఖ ఉద్యోగి, బోను, మూసి ఉన్న వాహనం ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి. గొడ్డు పోయిన రైతుకు నష్టపరిహారం వారం తిరక్కుండా అందాలి. ఆ డబ్బు ఆలస్యమైన ప్రతిసారీ చచ్చిన గొడ్డు కళేబరంలో విషం పెట్టే ఆలోచన, పొలం చుట్టూ కరెంటు తీగ చుట్టే ఆలోచన పుడతాయి. అవి పులినీ చంపుతాయి, ఒక్కోసారి పక్క పొలం రైతునూ చంపుతాయి.

అందుకే ఈ పత్రిక డిమాండ్లు ఇవి. ఎన్‌టీసీఏ నివేదిక బీరువాలో మగ్గకూడదు. పదకొండో సెక్షన్ మినహాయింపు ప్రకారం, ఆయుధాల చట్టం ప్రకారం కేసు పెట్టి, తూటా పేల్చినవారినీ, అనుమతి లేని మనిషిని రాత్రివేళ అడవిలోకి వెళ్లనిచ్చిన అధికారులనూ కోర్టు ముందు నిలబెట్టాలి. అవని చనిపోయాక ఆమె పిల్లలు రెండూ తల్లి లేకుండా ఆ అడవిలోనే మిగిలిపోయాయి. అలాంటి పిల్లలను ప్రాణాలతో పట్టుకునే పనిలో వేటగాడి నీడ కూడా పడకూడదు. నల్లమలలో పులి సమస్య ఏది వచ్చినా ప్రైవేటు వేటగాళ్లను పిలవబోమని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇప్పుడే రాతపూర్వకంగా ప్రకటించాలి. ప్రమాదం వచ్చాక ఆవేశంలో తీసుకునే నిర్ణయం కన్నా, ప్రమాదం లేనప్పుడు నిదానంగా రాసుకున్న నియమమే మనుషులనూ పులులనూ కాపాడుతుంది. ఆ నియమం వచ్చే శాసనసభ సమావేశాల్లోనే రావాలి.