వరిగడ్డికి నిప్పెందుకు?

కరీంనగర్ పొలాల్లో కోతలయ్యాక కొయ్యకాళ్లతో పాటు గడ్డినీ కాల్చేసి, ఎండాకాలం మేతకు వెతుక్కోవడం వింతే. గడ్డిలో బలం లేదన్నది సగం నిజం: మాంసకృత్తులు 3–4 శాతమే. కానీ పీచును అరిగించేది బర్రె కాదు, దాని పెద్ద పొట్టలోని సూక్ష్మజీవులు. చివరికి అవే దానికి మాంసకృత్తులవుతాయి. ఈ గడ్డితో వాటికి కొరవడేది నత్రజని. 100 కిలోల గడ్డిపై 4 కిలోల యూరియా కలిపిన నీళ్లు చల్లి, గాలి చొరకుండా 21 రోజులు మాగబెడితే ఆ కొరత తీరుతుంది, పీచూ మెత్తబడుతుంది.

యూరియా విషం కదా అంటారు. నేరుగా నాకితే విషమే. మాగిన గడ్డిని కాసేపు ఆరబెట్టి, కొద్దికొద్దిగా అలవాటు చేయాలి. ఆరు నెలల లోపు దూడలకు పెట్టకూడదు. కోత యంత్రం (హార్వెస్టర్) గడ్డిని చెల్లాచెదురు చేస్తుంది, పోగుచేయడం కష్టమన్నదే అసలైన అభ్యంతరం. అందుకే పాల సంఘాలు కట్టలు కట్టే యంత్రాలను ఊరూరా అద్దెకివ్వాలి. అప్పుడు వరికంటే పత్తి ఎక్కువగా పండే ఆదిలాబాద్‌కూ ఆ కట్టలు చేరతాయి.